ఉట్టి కూర

మా ఆఫీసులో నా కింద పనిచేసే అమ్మాయి కొత్త ఫ్లాటు కొనుక్కుంది. పాలు పొంగించిన రోజు వెళ్లలేకపోయానని ఓ ఆదివారం వెళ్తే, కూర్చోమని కూడా అనకుండా బాల్కనీలోకి లాక్కెళ్లింది. తెల్లటి ప్లాస్టిక్ గొట్టాలు, వాటికి వరసగా చిల్లులు, చిల్లుకో మొక్క. అడుగున ఓ బుల్లి మోటారు గుర్రుమంటూ నీళ్లు తిప్పుతోంది. "చూశారా మేడమ్, దీంట్లో మట్టే ఉండదు! ఫారిన్ టెక్నిక్," అంటూ ఆకొకటి తుంచి నమలమని ఇచ్చింది. తడి కాగితం నమిలినట్టుంది. నా నోరు ఊరుకోదన్న సంగతి మా ఆఫీసులో ప్యూను దగ్గర్నుంచి పెద్ద మేనేజరు దాకా అందరికీ తెలుసు. అయినా కొత్తింట్లో నిలబడి ఏమంటాంలే అని, "బావుందమ్మా, కానీ ఇది ఫారిన్‌ది కాదు, మా జాలరిపేటది," అని మాత్రం అన్నాను. ఆ పిల్ల నేనేదో జోకేశాననుకుని నవ్వింది. మర్యాదకి నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక మాత్రం ఒళ్లు మండింది. జోకు కాదని చెప్పడానికే ఇప్పుడు ఇదంతా రాయడం.

మాది కోనసీమ. ఇక్కడ విశాఖపట్నంలో ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న రోజుల్లో మా నాన్న ఓ కాంట్రాక్టరు కింద ఇనప చువ్వలు వంచే పనికి వచ్చాడు. ఫ్యాక్టరీ లేచి నిలబడింది, గొట్టాల్లోంచి పొగ వచ్చింది, దాంతో కట్టినవాళ్లతో పని తీరిపోయింది. ఉద్యోగాలున్నవాళ్లకి ఉక్కునగరంలో సెక్టార్లు, చెట్ల నీడలు, పెరట్లో అరటి పిలకలు. మాకు జాలరిపేట చివర, ఇసక మీద నిలబెట్టిన రెండు గదుల రేకుల ఇల్లు. హార్బరు వైపు ఏదో ఒక పని దొరక్కపోతుందా అని నాన్న ఆశ. దొరికేది, పోయేది, మళ్లీ దొరికేది. నేను డిగ్రీలో చేరాను. ఇంట్లో బియ్యం డబ్బా అడుగు కనబడుతున్నా కాలేజీలో వాదనల పోటీకి మాత్రం తప్పకుండా పేరిచ్చేదాన్ని.

మా అమ్మ రత్నానికి లోకంలో రెండే జాతులు. మన్నున్నవాళ్లు, మన్ను లేనివాళ్లు. ఆవిడ ఏ ఊరినైనా ముందు కాలి బొటనవేలితో గీరి చూసేది. జాలరిపేటని అలా గీరి చూసి, "ఇది నేలటే? ఉప్పు జాడీ," అని తేల్చేసింది. నిజమే. తవ్వితే ఇసక, తోడితే ఉప్పు నీళ్లు, గాలొస్తే ఎండుచేపల వాసన, ఆ గాలే ఇటు తిరిగితే పోర్టులో గుట్టలు పోసిన ఖనిజం దుమ్ము. పొద్దున్న ఆరేసిన తెల్ల బట్ట సాయంత్రానికి ఇటుక రంగుకి తిరిగేది. అందుకని అమ్మ ఊరెళ్లినప్పుడల్లా పాసింజరు బండిలో గోనెసంచి నిండా గోదావరి ఒండ్రుమట్టి మోసుకొచ్చేది. జనం పనసకాయలు తెచ్చుకుంటారు, పూతరేకులు తెచ్చుకుంటారు. మా అమ్మ మన్ను తెచ్చేది. రెండు కుండల్లో పోసి తోటకూర చల్లేది. ఉప్పు నీళ్లు పోసీ పోసీ నెలతిరిగేసరికి ఆ మట్టి కుండాకారంలో ఇటుకైపోయేది.

పక్కింటి పోలమ్మకి ఇంతకంటే వినోదం ఉండేది కాదు. పోలమ్మ చేపలమ్మేది. తెల్లారకుండా హార్బరుకి వెళ్లి తట్ట నింపుకుని, కాలనీలన్నీ తిరిగి, మధ్యాహ్నానికి వచ్చి మా అరుగు మీద కాళ్లు చాపుకునేది.

"ఏటి గోదారమ్మా, మళ్లీ మన్నెత్తుకొచ్చినావా? మడిసి సచ్చినా పిడికెడు సాలు గదా, నీకు బత్తాడు కావాలేటి?"

"నీకేం తెలుసు పోలమ్మా! మా మట్టిలో వేలు పెడితే వేలు మొలుస్తుంది."

"మొలిసినాది, సూత్తన్నాను గదా," అనేది పోలమ్మ, ఆ కుండల్లో చచ్చిన కాడల్ని కాలి మడమతో చూపిస్తూ.

ఇంత నవ్వులాటలోనూ ఒక మేకు గుచ్చుకుంటూ ఉండేది. మా పెదనాన్న. ఊళ్లో నాన్న వాటా పొలం కూడా ఆయనే చేసేవాడు. "నా దగ్గరుంటే నీ దగ్గరున్నట్టే గదరా," అనేవాడు. ఆ ఉన్నట్టే అన్నదాంట్లోంచి ఒక్క బస్తా ధాన్యమైనా విశాఖపట్నం వచ్చిన గుర్తు నాకు లేదు. వీధి చివరి ఎస్‌టీడీ బూతుకి ఫోన్ చేసి నాన్నని పిలిపించేవాడు. "ఆ ఇసకలో ఏముందిరా? వచ్చేయండి. రత్నం మీ వదినకి వంటింట్లో సాయంగా ఉంటుంది, నువ్వు పొలంలో చూసుకుందువుగాని, పిల్ల చదువు చాల్లే. దాళ్వా పంట కోతలవగానే నేనే వచ్చి తీసుకెళ్తాను." నాన్న బూతులోంచి వచ్చి ఆ మాటలే చెప్పేవాడు, చెప్పి అమ్మ మొహం చూసేవాడు. ఆయనకి వెళ్లిపోవాలనే ఉంది. పని కోసం రోజూ హార్బరు గేటు ముందు నిలబడి నిలబడి అలసిపోయాడు. అమ్మకి మాత్రం ఆ 'సాయం' అంటే ఏమిటో బాగా తెలుసు. పెళ్లయిన కొత్తలో రెండేళ్లు చేసింది. తోడికోడలు కొలిచి పోసిన బియ్యం వండటం, తోడికోడలు తాళం తీస్తే నూనె పోసుకోవడం. "నా పొయ్యి ఆర్పుకుని అక్కడికి రాను," అనేది. "మరి దాని మీద వండటానికేదీ?" అనేవాడు నాన్న. మా ఇంట్లో ఆ మాటకి జవాబు లేదు. నా దగ్గర కూడా లేదు. వాదనల పోటీలో కప్పులు మాత్రం ఉన్నాయి, రెండు.

జవాబు పట్టుకొచ్చింది విక్టోరియా టీచరు. మునిసిపాలిటీ బడిలో చెప్పేది. సాయంత్రం ప్రార్థన అయ్యాక వీధిలో ఏ ఇంట్లో ఏం ఉడుకుతోందో, ఏ ఇంట్లో ఏమీ ఉడకటం లేదో చూసుకుంటూ వెళ్లేది. వాళ్ల చర్చి ఆడవాళ్ల సంఘంలో ఎవరో వచ్చి మట్టి లేకుండా కూరలు పెంచడం చేసి చూపించారట. "రత్నంగారూ, మీరు మట్టి మోసుకురానక్కర్లేదు. ఊక చాలు," అంది.

అమ్మ చేటలో బియ్యం చెరగడం ఆపేసింది. "ఊకలో పండేది ఊకదంపుడేనండి."

"నిజమండీ, నేను కళ్లారా చూశాను."

నేను ఊరుకుంటానా? బియ్యెస్సీ వెలగబెడుతున్నదాన్ని. మొక్కకి కావలసింది నీళ్లూ గాలీ వెలుతురూ కాసిని లవణాలూ, మట్టి వాటిని పట్టి ఉంచే గిన్నె మాత్రమే అని ఓ ఉపన్యాసం ఇచ్చాను.

"అలాగా," అంది అమ్మ. "అయితే ఈ పూట గిన్నె లేకుండా అన్నం వండు. తిని కాలేజీకెళ్దువుగాని."

కానీ డబ్బాలో అడుగు కనిపిస్తుంటే ఎంతసేపని వాదిస్తాం? నాన్న రైసుమిల్లు నుంచి ఊక బస్తాలు సైకిలు మీద తెచ్చాడు. మధ్యలో చిల్లుల డబ్బా నిలబెట్టి, చుట్టూ ఊక పోసి, లోపల నిప్పు వెయ్యాలి. పైదాకా నల్లబడగానే, బూడిద కాకముందే, నీళ్లు కొట్టాలి. వేళ తప్పితే బూడిద, తొందరపడితే పచ్చి ఊక. ఆ పొగ కమ్మగా, కాస్త మాడిన అటుకుల్లా ఉండేది. ఇప్పటికీ ఎక్కడ అటుకులు మాడినా నాకు ఆ ఇల్లు గుర్తొస్తుంది. దాంట్లో కలపడానికి కొబ్బరి పీచు తీసేచోట రాలిన పొట్టు. ఉప్పు నీళ్లు తగలకూడదని టీచరు చెప్పింది గనక, దాన్ని వీధి చివరి కుళాయి నుంచి మోసుకొచ్చిన నీళ్లలో నానేసి పిండుతుంటే కాఫీ డికాషన్‌లా దిగేది. ఆ రంగు పోయేదాకా కడగడం నా వంతు. కడిగి కడిగి నా గోళ్లు కాలేజీలో ఎవరికీ చూపించలేని రంగులో ఉండేవి. ఇంక తొట్లు. హార్బరులో విరిగి పారేసిన థర్మకోల్ చేపల పెట్టెలు. నాన్న చువ్వ కాల్చి వాటి అడుగున టకటకా చిల్లులు పెట్టాడు. చాలా రోజుల తర్వాత ఆయన చేతిలో చువ్వ చూశాను. మొక్కకి తిండి, వేరుశనగ చెక్క నానేసిన నీళ్లు. ఆ వాసన గురించి ఇంత మాత్రం చెప్తాను: ఎండుచేపల మధ్య పుట్టి పెరిగిన పోలమ్మే ముక్కు మూసుకుని అటు తిరిగి నడిచేది.

అంతా సిద్ధం చేసి విత్తనాలు చల్లాక ఒక విషయం ఎవరికీ తట్టలేదని తెలిసింది. అవి చేపల పెట్టెలు. ఎంత కడిగినా పిల్లి ముక్కుకి అవి చేపల పెట్టెలే. జాలరిపేటలో ఉన్న పిల్లులన్నీ మా వాకిట్లో మహాసభ పెట్టాయి. పెట్టెకో పిల్లి, కొన్నిట్లో సంసారాలు. అప్పుడు పోలమ్మ తన మొగుడి చిరిగిన పాత వల పట్టుకొచ్చి పడేసింది. దాన్ని ముక్కలు కోసి ఉట్లు అల్లాం. చూరు పొడుగునా, సరుగుడు బాదులు పాతి వాకిట్లోనూ, ఉట్లలో పెట్టెలు వేలాడదీశాం. బరువేమీ లేదు గనక వాసాలు కిమ్మనలేదు. పిల్లులు కింద కూర్చుని పైకి చూస్తూ ఉండేవి.

"ఉట్టికెగరలేనమ్మ సొర్గానికెగిరినాదంట. మా గోదారమ్మ ఉట్టి మీద సేనేసీసినాది!" అని వీధంతా చాటింది పోలమ్మ. ఆ రోజు నుంచి మావి ఉట్టి కూరలు. ఉట్టిలో పెరిగాయనా, ఉట్టినే ఏమీ లేకుండా పెరిగాయనా అంటే, ఆవిడకి రెండూనూ.

మొలకలు వచ్చాయి. అమ్మ రోజుకి పదిసార్లు వెళ్లి చూసేది, పైకి మాత్రం పెదవి విరిచేది. ఆపైన ఆకులు పసుపుబారాయి. కాడలు మెత్తబడి ఒకదాని మీద ఒకటి వాలిపోయాయి. విక్టోరియా టీచరుకి అర్థం కాలేదు. సంఘంలో అందరివీ బాగున్నాయి, మావే ఇలా. ఓ పెట్టె దించి బోర్లించింది. పైన ఊక, కింద నల్లగా, దిబ్బరొట్టె మందాన ఓ పలక! చిల్లులన్నీ మూసుకుపోయి, నీళ్లు నిలిచి, వేళ్లన్నీ కుళ్లిపోయాయి. మురుగు వాసన గుప్పున కొట్టింది.

"ఇదేంటండీ రత్నంగారూ?"

అమ్మ కొంగు నులుముకుంటూ నిలబడింది. "కాస్తంత మన్ను వేశానండీ. తోడు."

"తోడా?"

"పాలల్లో తోడు వెయ్యందే పెరుగవుతుందా అండీ? అలాగే, కాస్త అసలు మన్ను తగిల్తే ఆ ఊక కూడా మెల్లిగా మన్నవుతుందని..."

పోలమ్మ అరుగు మీద దొర్లి దొర్లి నవ్వింది. టీచరు నవ్వాపుకోలేక బైబిలు సంచి మొహానికి అడ్డం పెట్టుకుంది. నేను గోనెసంచి తెచ్చి దులిపి చూపించాను, సగం ఖాళీ. నాన్న ఒక్కడే నవ్వలేదు. బూతు నుంచి అప్పుడే వచ్చాడు. ఊళ్లో కోతలు దగ్గరపడ్డాయట.

ఆ సాయంత్రం అమ్మ పెట్టెలన్నీ బోర్లించి, కడిగి, ఎండబెట్టింది. మర్నాడు తనే చువ్వ కాల్చి మూసుకున్న చిల్లులు తెరిచింది. మళ్లీ ఊక, మళ్లీ పొట్టు, మళ్లీ విత్తనాలు. ఈసారి తోడు వెయ్యలేదు. ఈసారి తోటకూర జానెడు లేచింది, పాలకూర చెవులు రిక్కించింది, గోంగూర ఎర్రకాడలతో వల కన్నుల్లోంచి బయటికి తొంగిచూసింది. ఇంట్లో పప్పులోకి ఆకు దొరికింది. ఇరుగుపొరుగుకి ఇవ్వగా ఇంకా మిగిలింది. మిగిలింది అమ్ముదామని కట్టలు కట్టి పోలమ్మతో పంపాం.

కట్టలన్నీ తిరిగొచ్చాయి.

"నానేటి సేత్తానమ్మా! కాలనీ అమ్మగార్లు కూర ఏళ్లు సూత్తన్నారు. ఏళ్లకి మట్టేదీ అంటన్నారు. తగరపువలస తోటల్నుంచొచ్చే కూరకి ఇంతేసి మట్టుంటాది గదా! తెల్లగుంటే కడిగీసిన నిన్నటి కూరంట, పాసిందంట."

చూడండి మరి. మట్టి లేకుండా పండించడం కష్టం కాదు, మట్టి లేనిదాన్ని తాజా అని ఒప్పించడం కష్టం. పోలమ్మకి ఉపాయాలకి లోటా? "ఆ సంచిలో మన్ను మిగిలినాది గదా, తడిపి ఏళ్లకి పూసీ. అంతే!"

అమ్మకి కోపం వచ్చింది. "మా ఊరి మన్నుతో అబద్ధం చెప్పించమంటావా?"

"ఓలమ్మో! లోపలేసి మొక్కల్ని సంపినప్పుడు లేదేటి? పైన పూసి మనం బతుకుదామంటే కానొచ్చిందా నీకు దోసం?"

నేను కూడా పోలమ్మ వైపే వాదించాను. పౌడరు రాసుకుంటే మోసమా అన్నాను. అమ్మ మా ఇద్దరినీ చూసి, లేచి, ఉట్టిలోంచి ఓ పెట్టె దించింది. మొక్కలతో సహా, నిండు పెట్టె. రెండు చేతులా పైకెత్తి, బరువు చూసుకుని, నెత్తిన పెట్టుకుంది. "ఇది మట్టైతే లేపగలనా? కట్టలెందుకు, తోటనే తీసుకెళ్దాం. వాళ్ల గుమ్మంలో దించి, వాళ్లు చూస్తుండగా కోసిద్దాం. అప్పుడూ నిన్నటిదంటారా?"

పోలమ్మ తన తలగుడ్డ విప్పి, చుట్టి, అమ్మ నెత్తిన పెట్టెకింద కుదురుగా పెట్టింది. "మెడ బిగబట్టకు. నడుం ఊగనీ. నాలా నడు." ఇద్దరూ కాలనీలకి బయల్దేరేవారు, ముందు చేపల తట్ట, పది అడుగుల ఎడంగా పచ్చటి పెట్టె. శాకాహారులకి నీచు తగలకూడదని ఆ ఎడం. "సేపలో!" అని పోలమ్మ అరిస్తే, వెనకనుంచి మా అమ్మ సిగ్గుపడుతూ, "కూరండీ, ఆయ్, కోసిస్తామండీ," అనేది. పిల్లలు ఆ నడిచే తోటని చూడ్డానికి పరుగెత్తుకొచ్చేవారు. అమ్మగార్లు తామే కత్తెర పట్టుకుని కావలసినంత కోసుకునేవారు. మట్టి సంగతి మళ్లీ ఎవరూ అడగలేదు.

ఇప్పుడీ బాల్కనీ గొట్టాలు చూస్తే నాకు అసూయేమీ లేదు. నీళ్లు వాటంతటవే తిరుగుతాయి, పిల్లులు రావు, చెక్కనీళ్ల కంపు లేదు. మంచిదే. కానీ ఆ అమ్మాయి పెంచుతున్నది ముచ్చట కోసం. ఒక పూట మోటారు ఆగితే ఆ పిల్ల యాప్‌లో కూర తెప్పించుకుంటుంది. మాకు ఒక పెట్టె చిల్లు మూసుకుపోతే కోనసీమకి తిరుగు బండి కనిపించేది. అదీ తేడా. మొక్కకి ఈ తేడా తెలియదు, నిజమే. పెంచేవాళ్లకి తెలుస్తుంది.

కోతలైపోయాయి. పెదనాన్న వచ్చాడు. ఉతికిన పంచె, భుజాన తువ్వాలు, చేతిలో ఖాళీ సంచులు. మా సామాను సర్దడానికట. వచ్చినాయన వచ్చినట్టే వాకిట్లో నిలబడిపోయాడు. నెత్తిమీద తోట. ఆయన పుట్టినప్పట్నుంచి కిందికి చూసి సేద్యం చేసినవాడు, పైకి చూడాల్సి వచ్చేసరికి తువ్వాలు జారింది. కాళ్లు కడుక్కుని లోపలికొచ్చి భోజనానికి కూర్చున్నాడు. అమ్మ తోటకూర పులుసూ గోంగూర పచ్చడీ వేసింది. రెండోసారి కలుపుకున్నాడు. చెయ్యి కడుక్కుని బయటికెళ్లి, ఒక పెట్టెలో వేళ్లు దించి, లోపలున్నది తీసి అరచేతిలో నలిపి చూశాడు.

"ఏంటమ్మా రత్నం, ఇందులో ఏమీ లేదు! ఒట్టి ఊక!"

అమ్మ తలుపు పక్కన నిలబడి ఉంది. బావగారి ఎదుట ఎప్పుడూ గొంతెత్తని మనిషి. అప్పుడూ ఎత్తలేదు.

"ఊకేనండి బావగారూ. గింజ మీ గాదెలోనే ఉంది కదండీ. మాకొచ్చింది ఊక. దాంట్లోనే పండించుకుంటున్నాం."

నా నోటికి నేనెంతో విలువిచ్చుకునేదాన్ని. ఆ పూట మొదటిసారి దానికి విశ్రాంతి దొరికింది. పెదనాన్న అరచేతిలో ఊకని మళ్లీ పెట్టెలో పోసి చెయ్యి దులుపుకున్నాడు. నాన్న వైపు తిరిగాడు. "ఏరా, సామాను సర్దుకుంటారా? నువ్వేమంటావు?"

నాన్న అమ్మని చూడలేదు, నన్ను చూడలేదు. ఎండ ఎంత దిగిందో చూశాడు. "నేననేదేముంది అన్నయ్యా. నీళ్లు పోసే వేళయింది," అని చెంబు పట్టుకుని లేచాడు.

నాన్న ఒక్కో ఉట్టికీ నీళ్లు పోస్తుంటే పెదనాన్న వెనకే నడిచాడు, చేతులు వెనక్కి కట్టుకుని, తప్పులు వెతికేవాడిలా. చివరి పెట్టె దగ్గర ఆగాడు. అందులో తోటకూర ఏపుగా పెరిగి పూతకొస్తోంది. ఆ చేతులు ఊరుకోలేదు. దాని తల టప్పున తుంచేశాడు.

"తల తియ్యకపోతే పైకే పోతుంది. తీస్తే పక్కలకి నాలుగు కొమ్మలేస్తుంది. ఆ మాత్రం తెలీదూ?" అని విసుక్కుని, ఖాళీ సంచులు చంకన పెట్టుకుని సాయంత్రం బండికి వెళ్లిపోయాడు.

మర్నాడు అమ్మ పొద్దున్నే లేచి ప్రతి పెట్టెలోనూ తోటకూర తలలన్నీ తుంచేసింది. ఆయన చెప్పాడనా అని అడిగితే, "ఆయన చెప్పేదేంటి, నాకు ముందే తెలుసు," అంది. తెలీదు. తెలిస్తే ఈపాటికి చేసి ఉండేది కాదూ? ఆ మాట అందామని నోరు తెరిచాను కూడా. అమ్మ అప్పటికే పెట్టె నెత్తికెత్తుకుని వీధి మలుపు తిరిగింది.